రోహిణీ కార్తెలో క్రిస్మస్

కాకినాడలో గడువుల పర్యవేక్షణ సంస్థ అని ఒక ఆఫీసు ఉండేది. మిగతా శాఖల వాళ్లు తమ పనులు గడువులోగా పూర్తి చేస్తున్నారా లేదా అని కనిపెట్టి, చేయనివాళ్లకి హెచ్చరిక ఉత్తరాలు రాయడం ఆ సంస్థ పని. ఆ ఉత్తరాలు ఎప్పుడూ గడువు దాటిన ఆరేడు నెలలకి వెళ్లేవి. కొన్నిసార్లు ఉత్తరం చేరేసరికి అవతలి శాఖనే ఎత్తేసి ఉండేవారు.

అక్కడ సీనియర్ అసిస్టెంటు సలోమి. ఇరవై రెండేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని ఆ ఉత్తరాలు టైపు చేస్తోంది. మనిషి నెమ్మది. ఎవరితోనూ గొడవ పడదు. ఆవిడకి ఏడాదిలో ఆనందమంతా డిసెంబరులో ఉంటుంది. ఇరవై ఐదో తారీకున సెలవు కనక, ఆఫీసులో వాళ్లు చిన్నబుచ్చుకోకుండా ఇరవయ్యో తారీకునే ఒక కేకు తెచ్చి, గుమ్మానికి ఒక కాగితం నక్షత్రం కట్టి, రెండు పాటలు పాడి సెమీ క్రిస్మస్ చేసేది. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరికీ లాభమూ లేదు. అలా ఉన్నంతకాలం బాగానే ఉంది.

ఒక జనవరిలో రాజధానిలో సమీక్షా సమావేశం జరిగింది. జాయింట్ డైరెక్టరు త్రివిక్రమరావు గారు దానికి వెళ్లేటప్పుడు జ్వరం వచ్చినవాడిలా వెళ్లి, వచ్చేటప్పుడు ఛాతీ విరుచుకుని వచ్చారు. ఇలా ఎప్పుడూ జరగలేదు కనక స్టాఫంతా ఎక్కడి కాగితాలు అక్కడ వదిలేసి ఆయన గదిలోకి చేరారు.

"కమిషనరు గారు ఒక్కొక్కళ్లనీ నిలబెట్టి అడిగారండీ," అన్నారు ఆయన. "'లోకానికంతటికీ గడువులు గుర్తు చేస్తారు గదా, మీరు గడువుకి ముందు పూర్తి చేసిన పని ఒక్కటి చెప్పండి' అని. అన్ని జిల్లాల వాళ్లూ తలకాయలు దించేశారు. నా వంతొచ్చింది. నోట్లోంచి దానంతటదే వచ్చేసిందండీ, 'క్రిస్మస్ అండీ' అని."

"క్రిస్మసా?" అన్నాడు సూపరింటెండెంటు భానోజీ.

"ఆయ్. డిసెంబరు ఇరవై ఐదు గడువైతే మేం ఇరవైనే పూర్తి చేశామండీ అన్నాను. ఐదు రోజులు ముందు! కమిషనరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. సంస్థ పుట్టాక ముందుగా పూర్తయిన మొదటి పని ఇదేనన్నారు. మినిట్సులో రాయించారు. ఇదంతా మన సలోమి గారి చలవ."

అందరూ చప్పట్లు కొట్టారు. సలోమి సిగ్గుపడి తల దించుకుంది. ఇంటికి వెళ్లి భర్త జకరయ్యకి కూడా చెప్పుకుంది.

ఫిబ్రవరిలో వార్త వచ్చింది, పక్క జిల్లా ఆఫీసు వాళ్లు ఈసారి క్రిస్మస్‌ని నవంబరు ఒకటికల్లా పూర్తి చేస్తామని మాట ఇచ్చారని. వారం తిరక్కుండా ఇంకో జిల్లా వాళ్లు సెప్టెంబరు అన్నారు. త్రివిక్రమరావు గారికి అన్నం సహించడం మానేసింది. మార్చి మొదట్లో మీటింగు పెట్టారు.

"మొదలెట్టింది మనం. ఇప్పుడు మనం వెనకబడితే మొహం ఎక్కడ పెట్టుకుంటాం? అసలు ఎంత ముందుగా చెయ్యొచ్చో లెక్క తియ్యండి, భానోజీ గారూ."

"మార్చి నెలాఖరు హడావిడి వదిలేస్తే, ఏప్రిల్లో ఎండలకి సగం మంది సెలవులండీ. మే ఇరవై ఐదు కుదురుతుంది సార్. తారీకు కూడా ఇరవై ఐదే. నెల ఒక్కటే తేడా."

సలోమి లేచి నిలబడింది. ఆవిడ మీటింగులో లేచి నిలబడటం అదే మొదలు.

"సార్, మే ఇరవై ఐదంటే రోహిణీ కార్తె మొదలయ్యే రోజండీ."

"అయితే?"

"రోహిణీ కార్తెలో క్రిస్మస్ ఏంటండీ?"

త్రివిక్రమరావు గారు ఆవిడ వంక జాలిగా చూశారు. "అమ్మా, గడువు దాటితే తప్పు. గడువు లోపల ఏ రోజైనా ఒకటే. పండగల కమిటీకి కన్వీనరు మీరే. మీకు తెలిసినంతగా ఈ విషయం ఇంకెవరికి తెలుస్తుంది?"

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "విషయము: క్రిస్మస్ పండుగను గడువునకు ఏడు మాసముల ముందుగా సంపూర్ణముగా నిర్వహించుట. పై విషయమై తెలియజేయునది ఏమనగా, సిబ్బంది యావన్మందియు మే 25వ తేదీ మధ్యాహ్న భోజన విరామమున, కార్యాలయ విధులకు ఎట్టి ఆటంకము కలుగకుండ, ఒంటిగంట నుండి రెండుగంటల వరకు పరమానందము పొందవలెను. పొందినట్లుగా నిర్ణీత నమూనాలో ధ్రువీకరణ పత్రము సమర్పించవలెను."

సలోమి ముందు తన చర్చి పాస్టరు యెషయా గారి దగ్గరకి వెళ్లింది. ఆయన వచ్చి ఒక ప్రార్థన చేస్తే కనీసం దానికో మర్యాద ఉంటుందని ఆవిడ ఆశ. ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చేశారు.

"అమ్మా సలోమీ, ఏప్రిల్లో గుడ్ ఫ్రైడే. ఆయన్ని సిలువెక్కించి, ఏడ్చి, మూడో రోజున లేపుకుని అమ్మయ్య అనుకుంటామా, రెండు నెలలు తిరక్కుండా మళ్లీ పుట్టించమంటే ఎలాగమ్మా? నాకా ప్రసంగం ఎక్కణ్ణించి ఎత్తుకోవాలో కూడా తెలీదు."

"ప్రసంగం అక్కర్లేదట అయ్యగారూ. గంటలో అయిపోవాలట."

"గంటలోనా?" అన్నారు పాస్టరు గారు. ఆ మాటకి ఆయన నిజంగా నొచ్చుకున్నారు. ఆయన గంటన్నరకి తక్కువ ఎన్నడూ ప్రసంగించి ఎరగరు.

మే ఇరవై ఐదు వచ్చింది. ఆ వేళ నలభై నాలుగు డిగ్రీలు. రోడ్డు మీద కాకి కూడా లేదు. క్రిస్మస్ తాత వేషానికి భానోజీని ఎంపిక చేశారు. బొజ్జ ఆయనకి సహజంగానే ఉందని ఫైల్లో కారణం రాశారు. ఎర్ర కోటు దొరక్క ఎర్ర రగ్గు కప్పారు. గడ్డానికి పాత దిండు చింపి దూది అంటించారు. గొర్రెల కాపరుల దృశ్యానికి గొర్రెలు దొరక్కపోతే అటెండరు పోలిరాజు తన ఇంటి వెనక నుంచి రెండు మేకల్ని తోలుకొచ్చాడు.

సరిగ్గా ఒంటిగంటకి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. కేకు మీది క్రీము మెల్లగా కిందకి జారి, దాని మీద రాసిన అక్షరాలతో సహా బల్ల అంచు దాకా వచ్చింది. భానోజీ గుమ్మంలోంచి గంట ఊపుతూ లోపలికి వచ్చాడు. "హో హో" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి "హో" అనలేదు. "నీళ్లు" అన్నాడు. అని, నక్షత్రం కింద కూలబడిపోయాడు.

పోలిరాజు చెంబుడు మజ్జిగ తెచ్చి ఆయన నోట్లో పోయబోతే గడ్డం అడ్డొచ్చి సగం దూదే తాగేసింది. ఈ కంగారులో మేకల సంగతి ఎవరూ చూడలేదు. అవి వేసవి ఆకలి మీద ఉన్నాయేమో, ముందు పచ్చ కాగితం తోరణాలు తిన్నాయి. తర్వాత నోటీసు బోర్డు దగ్గరకి వెళ్లి పండగ ఉత్తర్వు తిన్నాయి.

"పాట పాడండి, టైమైపోతోంది!" అని త్రివిక్రమరావు గారు వాచీ చూసుకుంటూ కేకేశారు.

సలోమి పాడింది. చలి రాత్రి గురించీ, మంచు గురించీ ఉన్న పాట. చెమట కళ్లల్లోకి దిగి మండుతోంది. ఎవరూ అందుకోలేదు. అందరూ ఫైళ్లతో విసురుకుంటున్నారు. రెండుగంటలకి రెండు నిమిషాలుందనగా భానోజీ స్పృహలోకి వచ్చి, ఉత్తర్వు ప్రకారం ధ్రువీకరణ పత్రాలు పంచాడు. "నేను పై పండుగ సందర్భమున సంపూర్ణముగా సంతోషించితిని" అని అందులో అచ్చువేసి ఉంది. కింద సంతకానికి చోటు. మజ్జిగ కారుతున్న గడ్డంతోనే ఆయన మొదటి సంతకం పెట్టాడు.

జూన్‌లో షీల్డు వచ్చింది. ఇత్తడిది, పెద్దది. ఏడు నెలల ముందంజ! త్రివిక్రమరావు గారు దాన్ని తన కుర్చీ వెనక గోడకి కొట్టించి, ఎవరొచ్చినా కాస్త పక్కకి జరిగి కూర్చునేవారు.

షీల్డు వెనకాలే కమిషనరు గారి ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "మీ కార్యాలయము క్రిస్మస్ పండుగను మే మాసముననే సంపూర్ణముగా ముగించినందున, డిసెంబరు 25వ తేదీ సెలవు యొక్క ఆవశ్యకత తొలగిపోయినది. ఒకే పండుగకు రెండు పర్యాయములు సంతోషించుట ద్వంద్వ ప్రయోజనము క్రిందకు వచ్చును. కావున సదరు తేదీన సిబ్బంది యథావిధిగా విధులకు హాజరు కావలెను."

సలోమి ఆ ఉత్తరాన్ని పట్టుకుని త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్లింది.

"సార్, మేలో కూడా మనకి సెలవివ్వలేదండీ. భోజనం మానేసి చేశాం."

"అదేనమ్మా మన గొప్ప. పనికి ఆటంకం లేకుండా పండగ చేశాం. పండగకి ఆటంకం లేకుండా పని కూడా చేస్తాం."

"డిసెంబరు ఇరవై ఐదున మరి పండగ ఉండదు కదండీ."

"ఉండదు. అయిపోయింది కదా!" అన్నారు ఆయన. అందులో చిక్కేమిటో ఆయనకి నిజంగానే బోధపడలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మేలో ఈ ఏటి క్రిస్మస్ అయిపోయింది కనక ఆఫీసులో ఇక ముందుగా చేయడానికి ఏమీ మిగల్లేదు. పక్క జిల్లా వాళ్లు వచ్చే ఏడు ఏప్రిల్‌లోనే చేస్తారని పుకారు. త్రివిక్రమరావు గారు వారం రోజులు ఆలోచించి, వచ్చే ఏటి క్రిస్మస్‌ని ఆగస్టులో పూర్తి చేయించారు. ఆ పై ఏటిది అక్టోబరులో చేయించారు. దాని తర్వాతది నవంబరు రెండో వారంలో, ముసురు పట్టి వీధుల్లో నీళ్లు నిలిచిన రోజున, గొడుగుల కింద చేయించారు. మూడు ధ్రువీకరణ పత్రాలు. మూడు ప్రశంసా పత్రాలు.

ప్రతిసారీ కేకు తెప్పించాల్సింది సలోమి. పాట పాడాల్సింది సలోమి. గుమ్మానికి కట్టిన నక్షత్రాన్ని విప్పడం కట్టడం దండగని దాన్ని అలాగే ఉంచేశారు. దాని లోపలి బల్బు ఆవిడ కుర్చీకి ఎదురుగా రోజంతా ఆరుతూ వెలుగుతూ ఉండేది. ఎక్కడైనా క్రిస్మస్ పాట వినపడితే ఆవిడకి కణతలు నొప్పెట్టడం మొదలైంది. కేకు వాసన తగిలితే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. చిన్నప్పటి నుంచీ ఏ పాట మొదటి చరణానికే ఒళ్లు పులకరించేదో, అదే పాటని ఇప్పుడు "తొందరగా కానివ్వండి" అన్న కేక లేకుండా ఆవిడ తలుచుకోలేకపోయేది.

నవంబరు పండగ నాడు ధ్రువీకరణ పత్రం ముందు ఆవిడ కలం ఆగిపోయింది.

"భానోజీ గారూ, పాక్షికంగా సంతోషించితిని అని రాయొచ్చాండీ?"

భానోజీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ కాలమ్ లేదండీ. పెట్టెయ్యండి, నేను మాత్రం సంతోషించానా ఏంటి? నా గడ్డానికి నాలుగోసారి కూడా దిండు దూదే."

ఆవిడ సంతకం పెట్టింది. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే ఒక భయం పట్టుకుంది. నిజం క్రిస్మస్ వచ్చినప్పుడు కూడా తనకి ఏమీ అనిపించకపోతే?

జకరయ్య బస్సు డ్రైవరు. పండగంటే లోకానికి సెలవు, బస్సు డ్రైవర్లకి స్పెషల్ డ్యూటీ. పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. ఈ పద్దెనిమిది క్రిస్మస్‌లలో ఆయన చర్చిలో ఉన్నది ఒక్కటే ఒక్కసారి, అదీ పెళ్లయిన మొదటి ఏడు. మిగతా అన్నిసార్లూ సలోమి పక్క సీటు ఖాళీగా పెట్టుకుని కూర్చునేది. ఆయన ఏ రాజోలు రోడ్డు మీదో, ఏ అమలాపురం స్టాండులోనో బస్సాపుకుని టీ తాగుతూ, చర్చి మైకులోంచి దూరంగా వినిపించే పాటకి తల ఊపుకునేవాడు.

డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం ఆయన ఇంటికి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశాడు. సలోమి పచ్చిమిరపకాయలు తరుగుతోంది.

"సలోమీ, ఇచ్చేశారే!"

"ఏంటండీ?"

"ఇరవై ఐదు సెలవు! ఉగాదీ చేశా, దసరా చేశా, దీపావళీ చేశా, ఎవడడిగితే వాడి డ్యూటీ చేశా. ఈసారి కాదనలేక సంతకం పెట్టేశారు. ఇదిగో కాగితం. చొక్కా కూడా కొనేశా, మీగడ రంగుది. నీ పక్కన కూర్చుంటే బాగోవాలిగా."

ఆవిడ కత్తిపీట వదిలేసి ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన ఆఫీసు ఉత్తర్వు సంగతి చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పింది. ఎలాగూ ఆయనకి డ్యూటీయే కదా, ఇద్దరికీ పనే కదా అని సరిపెట్టుకున్నానంది.

జకరయ్య ముందు పెద్దగా నవ్వాడు, మేకల సంగతి మళ్లీ చెప్పించుకుని నవ్వాడు. ఆ తర్వాత చెప్పులు విప్పుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"పోన్లే. నేనొక్కణ్ణే వెళ్తాలే. నీ చోట సంచి పెట్టుకుంటా, ఎవరూ కూర్చోకుండా. ఇన్నేళ్లూ నువ్వు పెట్టుకున్నావుగా."

ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. పచ్చిమిరపకాయలంది.

మర్నాడు సలోమి ఇరవై ఐదుకి సెలవు చీటీ పెట్టింది. భానోజీ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తీసుకొచ్చి మళ్లీ ఆవిడ బల్ల మీదే పెట్టాడు.

"అవ్వదండీ. ముగిసిన పండగకి సెలవిస్తే, ముగియలేదని మనమే ఒప్పుకున్నట్టవుతుందట. సార్ రాశారు చూడండి." గొంతు తగ్గించాడు. "ఆ రోజు పొద్దున్నే జ్వరమని ఫోన్ చేసెయ్యండి. నేను చూసుకుంటా."

"అబద్ధం చెప్పి చర్చికెళ్లి ఎలా కూర్చోనండీ? అదీ ఆయన పుట్టినరోజు నాడు."

భానోజీ తల గోక్కున్నాడు. "అదీ నిజమేలెండి," అని వెళ్లిపోయాడు.

డిసెంబరు ఇరవై ఐదు పొద్దున జకరయ్య మీగడ రంగు చొక్కా వేసుకుని, చేతిలో సంచితో చర్చికి వెళ్లాడు. సలోమి మామూలు చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. దారంతా చర్చిలకి వెళ్లే జనం. కొత్తబట్టలు. పూలు. ఆవిడ తల వంచుకుని నడిచింది.

ఆఫీసులో అందరూ హాజరు. పని మాత్రం లేదు. ఏ శాఖకి ఫోన్ చేసినా ఎత్తేవాడు లేడు. మిగతా లోకానికంతటికీ సెలవు. త్రివిక్రమరావు గారు అరగంట పాటు షీల్డు తుడిపించారు. భానోజీ పేపరు చదివి, మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతున్నాడు.

సలోమి ఊరికే ఉండలేక, పాత హెచ్చరిక ఉత్తరాల్లో మిగిలిపోయిన ఒకదాన్ని టైపు చేయడం మొదలెట్టింది. ఏదో చెరువు గట్టు గురించి. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఉత్తరం చివరా వచ్చే పేరాకి చేరింది. ఆ పేరా ఆవిడ చూడకుండానే కొట్టగలదు. "పూర్తయినట్లుగా నివేదించబడిన ప్రతి పనిని, గడువు తేదీ నాడు, విషయ పరిజ్ఞానము గల ఉద్యోగి స్వయముగా క్షేత్రమునకు వెళ్లి తనిఖీ చేయవలెను. అట్లు చేయని యెడల సదరు పని పూర్తి కానట్లే భావించబడును."

ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. ఆ పేరాని ఆవిడ జీవితంలో మొదటిసారి చదివింది.

కాగితం లాగి తీసుకుని త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్లింది.

"సార్, క్రిస్మస్ గడువు తేదీ ఏ రోజండీ?"

"ఇవాళే. ఎందుకు?"

"క్షేత్ర తనిఖీ ఎవరు చేస్తున్నారండీ?"

త్రివిక్రమరావు గారు కాగితం చదివారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివారు. తల తిప్పి షీల్డు వంక చూశారు. ఆయన మొహంలో రంగు మారింది.

"భానోజీ గారూ! ఇది మనకి కూడా వర్తిస్తుందా?"

"అందరికీ రాసేది మనమే గదండీ."

"తనిఖీ జరక్కపోతే పూర్తి కానట్లేనా? సాయంత్రం అయిదు దాటితే షీల్డు పోతుందా? ఇంత ముఖ్యమైన విషయం ఇప్పుడా చెప్పేది?" ఆయన లేచి నిలబడ్డారు. "క్షేత్రం ఎక్కడ?"

"జగన్నాథపురంలో మా చర్చండీ," అంది సలోమి.

"విషయ పరిజ్ఞానం గల ఉద్యోగి?"

భానోజీ వేలెత్తి సలోమిని చూపించాడు. ఆవిడ వంక ఆయన కళ్లతోనే నవ్వాడు కానీ, మొహం మాత్రం కదలనివ్వలేదు.

"జీపు తియ్యమనండి!" అన్నారు త్రివిక్రమరావు గారు. "ఇది మామూలు పని కాదు. నేను కూడా వస్తాను."

వాళ్లు చేరేసరికి పదకొండు దాటింది. యెషయా పాస్టరు గారి ప్రసంగం పొడుగని జగన్నాథపురమంతా విసుక్కుంటుంది. ఆ రోజు మాత్రం జీపు దిగుతూనే ఆయన గొంతు మైకులో ఇంకా గొర్రెల కాపరుల దగ్గరే ఉండటం విని సలోమికి పరుగెత్తి వెళ్లి దణ్ణం పెట్టాలనిపించింది.

చర్చి కిక్కిరిసి ఉంది. గుమ్మం దాకా జనం. త్రివిక్రమరావు గారు అట్టకి బిగించిన కాగితం, పెన్నూ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. ఆయన చేతిలోని ఫారంలో ఒకటే ప్రశ్న ఉంది, "పని పూర్తయినదా?" అని. లోపల మూడొందల మంది కూర్చుని ఉన్నారు, పాపలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్లు విసనకర్రలతో వాళ్లకి విసురుతున్నారు. ఎవరి మొహంలోనూ పూర్తయిన ఛాయలు లేవు. గుమ్మం పక్కన కూర్చున్న ఒక ముసలావిడ ఆయన్ని చూసి జరిగింది.

"కూచో నాయనా. ఇంకా టైముంది."

"ఇది మేలోనే పూర్తయినట్టు రిపోర్టుందండీ," అన్నారు ఆయన నెమ్మదిగా.

"ఏ మే?" అంది ముసలావిడ.

ఆయన కూర్చున్నారు.

సలోమి మధ్య దారిలోంచి ముందుకి నడిచింది. నాలుగో వరసలో మీగడ రంగు చొక్కా కనపడింది. దాని పక్కన సంచి. జకరయ్య తలెత్తి చూశాడు. చూసి, ఒక్క మాట కూడా అడక్కుండా, సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆవిడ కూర్చుంది.

ప్రసంగం అయింది. పాట మొదలైంది. అదే పాట. మే నెల నుంచీ నాలుగుసార్లు చచ్చిన పాట. మొదటి చరణం అయిపోయింది. ఆవిడకి ఏమీ అనిపించలేదు. కణతలు నొప్పెడతాయేమోనని ఎదురుచూసింది.

అప్పుడు జకరయ్య గొంతెత్తాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ పాటని దూరం నుంచి, ఇంజను చప్పుడు మధ్యలో విన్నవాడాయె. సగం మాటలు తెలీవు. తెలిసినవి కూడా తప్పు. అందరూ ఒక లైను పాడేశాక ఆయన దాన్ని అందుకుంటున్నాడు. పైగా బస్సులో వెనక సీటు వాళ్లకి వినపడేలా మాట్లాడే అలవాటు. ముందు వరస వాళ్లు ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఆయనకి పట్టలేదు. మొహమంతా వెలిగిపోతోంది.

సలోమికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తడిశాయి. కొంగుతో తుడుచుకుని, ఆయన్ని దారిలో పెడదామని తనూ గొంతు కలిపింది. ఆయన దారిలోకి రాలేదు. ఆవిడే ఆయన వెనకపడి ఒక లైను ఆలస్యంగా పాడటం మొదలుపెట్టింది. చివరికి చర్చి మొత్తం ముగించాక వాళ్లిద్దరూ తీరుబడిగా ముగించారు.

ఆరాధన అయ్యాక చెట్ల కింద విందు. బంతులు తీరి కూర్చున్నారు. త్రివిక్రమరావు గారికి ముసలావిడ దగ్గరుండి వడ్డించింది. మారు పెట్టించుకున్నారు. చేతులు కడుక్కుని, అట్ట మీది కాగితంతో సలోమి దగ్గరకి వచ్చారు. మనిషి దిగులుగా ఉన్నారు.

"సలోమి గారూ, పూర్తయిందని రాస్తే కళ్లారా చూసింది అబద్ధమవుతుంది. కాలేదని రాస్తే నేను పంపిన నాలుగు సర్టిఫికెట్లూ అబద్ధమవుతాయి. ఏం రాయమంటారు?"

"చూసింది రాయండి సార్."

ఆయన చాలాసేపు నిలబడే ఆలోచించారు. తర్వాత రాశారు. "పండుగ పూర్తి కాలేదు. ప్రతి సంవత్సరము ఇదే తేదీన మొదటి నుండి మొదలగుచున్నట్లు స్థానికులు తెలిపిరి." సంతకం పెట్టి, ఇంకేమైనా రాయాలా అన్నట్టు ఆగి, అట్టని చంకలో పెట్టుకున్నారు. జకరయ్య ఆయన చేతిలో రెండు అరిసెలు పెట్టాడు.

జనవరి సమీక్షలో ఆ నివేదిక మీద పెద్ద చర్చ జరిగింది. క్రిస్మస్ ఎంతకీ పూర్తికాని పనుల జాబితాలో చేరింది. సెలవు పునరుద్ధరించారు. నక్షత్రం విప్పారు. షీల్డు వెనక్కి పంపమన్నారు. పంపేటప్పుడు భానోజీ దాన్ని పాత దిండు దూదిలో చుట్టి కట్టాడు.

కానీ కమిషనరు గారు ఊరుకోలేదు. క్రిస్మస్ కాకపోతే ముందుగా పూర్తి చేయగలిగింది ఇంకోటి చెప్పమని నిలదీశారు. పండగ కాకూడదు. ప్రతి ఏడూ మళ్లీ వచ్చేది అసలే కాకూడదు. జీవితంలో ఒక్కసారే జరిగేది, తేదీ ముందే ఖరారైనది కావాలన్నారు. త్రివిక్రమరావు గారు లేచి నిలబడ్డారు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"నా రిటైర్మెంటు అండీ."

దానికి ఇంకా రెండేళ్ల నాలుగు నెలలుంది. కమిషనరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఫిబ్రవరి పదో తారీకున, భోజన విరామంలో, విధులకు ఆటంకం లేకుండా త్రివిక్రమరావు గారి పదవీ విరమణ సభ జరిగింది. శాలువా కప్పారు. గజమాల వేశారు. ఆయన శ్రీమతి కూడా వచ్చి ఒక కన్నీటి చుక్క రాల్చింది. భానోజీ సన్మాన పత్రం చదివాడు. సలోమి రెండు మాటలు చెప్పింది, ఆయన మంచివారని, అది నిజమే. త్రివిక్రమరావు గారు గద్గద స్వరంతో అందరి దగ్గరా సెలవు తీసుకుని, ముప్ఫై మూడేళ్ల సర్వీసులో తెలిసీ తెలియక ఎవరినైనా నొప్పిస్తే క్షమించమని చేతులు జోడించారు. సరిగ్గా రెండుగంటలకి సభ ముగిసింది. తాను సంపూర్ణంగా విరమించినట్టు ధ్రువీకరణ పత్రం మీద ఆయనే సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున పదింటికి ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి స్టూలు మీద కూర్చున్న పోలిరాజు కంగారుగా లేచాడు.

"ఏంటండీ, ఏమైనా మర్చిపోయారా?"

"లేదురా," అన్నారు త్రివిక్రమరావు గారు. "హాజరు పట్టీ ఇలా పట్రా."